కొత్త ఇంట్లో తొలి క్రిస్మస్: నవంబరు నుంచి సంక్రాంతి దాకా చేసుకోవలసిన ఏర్పాట్లు

గుంటూరు జిల్లాలోని మా ఊళ్లో ఉన్నంత కాలం క్రిస్మస్‌కు మేము ప్రత్యేకంగా పూనుకున్నది ఏమీ లేదు. డిసెంబరు ఒకటో తేదీన నాన్నగారు డాబా మీద స్టార్ కట్టేవారు, అమ్మ బియ్యం నానబోసేది, ఇరవై నాలుగో తేదీ రాత్రి క్యారల్స్ బృందం డోలక్ వాయించుకుంటూ వీధి మొదట్లోకి వచ్చేసరికి తలుపులు తెరిచి ఉండేవి. ఆ పండుగ మా ప్రమేయం లేకుండానే గడప తొక్కేది. సికింద్రాబాద్ అవతల అల్వాల్‌లో కొత్త ఇంట్లోకి మారిన మొదటి ఏడాది కూడా అలాగే వస్తుందనుకున్నాం. స్టార్ కట్టాం, కేకు కోసి పళ్లెంలో పెట్టాం, ఫ్లాస్కు నిండా టీ పోసుకుని రాత్రి రెండు గంటల దాకా మేల్కొని కూర్చున్నాం. పక్క వీధిలో పాటలు వినిపించాయి గానీ మా గేటు దగ్గరికి ఎవరూ రాలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, నగరంలో క్యారల్స్ బృందం పట్టిక ప్రకారం తిరుగుతుంది, ఆ పట్టికలో మా పేరు లేదు.

ఆ రాత్రి నేర్పిన పాఠమే ఈ వ్యాసానికి ఆధారం. కొత్త ఇంట్లో క్రిస్మస్ జరుపుకోవాలంటే అలంకరణతో కాదు, ఇంటికి వచ్చే మనుషులతో మొదలుపెట్టాలి. హైదరాబాద్, సికింద్రాబాద్ నగరాలకు కొత్తగా వచ్చిన తెలుగు క్రైస్తవ కుటుంబాలను దృష్టిలో ఉంచుకుని రాస్తున్నాను. విజయవాడకో విశాఖకో వెళ్లినవారు ఊరి పేర్లు మార్చుకుంటే చాలు, పనుల వరుస అదే.

నవంబరులోనే సంఘంలో చేరడం

ముందుగా మీరు వదిలి వచ్చిన సంఘం పాస్టరు గారి దగ్గర సభ్యత్వ బదిలీ ఉత్తరం తీసుకోవాలి. ఆ ఉత్తరం లేకపోయినా ఆదివారం ఆరాధనకు వెళ్లవచ్చు, ఎవరూ వద్దనరు. అయితే ఉత్తరం ఇచ్చి పేరు నమోదు చేయించుకున్న కుటుంబానికే ప్రాంతాలవారీ ప్రార్థన కూటాల సమాచారమూ, సెమీ క్రిస్మస్ (పండుగకు ముందే సంఘమంతా కలిసి జరుపుకునే వేడుక) పిలుపూ, క్యారల్స్ పట్టికలో చోటూ దొరుకుతాయి. సాధారణంగా ఈ పట్టికను నవంబరు చివరి వారంలో యువజనులు తయారు చేస్తారు. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు (అడ్వెంట్) మొదటి ఆదివారం, అంటే నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారం నాటికి మీ చిరునామా వారి చేతిలో ఉండాలి.

కోస్తా నుంచి వచ్చినవారికి ఇక్కడ ఒక చిన్న తికమక ఎదురవుతుంది. గుంటూరు ప్రాంతంలో 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర వచ్చిన నాటి నుంచీ లూథరన్ సంఘాలే ఎక్కువ. హైదరాబాద్ వైపేమో దక్షిణ ఇండియా సంఘం, అంటే అందరూ సి.ఎస్.ఐ. అని పిలిచేది, దాని మెదక్ అధ్యక్ష మండలం (డయోసిస్) కింద బాగా విస్తరించి ఉంది. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రెగేషనల్ సంఘాలు కలిసి సి.ఎస్.ఐ.గా ఏర్పడినప్పుడు లూథరన్లు విడిగానే ఉండిపోయారు. అందువల్ల ఆరాధన క్రమంలో తేడాలు కనిపిస్తాయి. అయితే కీర్తనలు అవే, పురుషోత్తమ చౌధురి గారి పదాలు అవే, రాగాలలో మాత్రం అక్కడక్కడా చిన్న విరుపులు వేరుగా ఉంటాయి. మా అత్తగారు మొదటి రెండు ఆదివారాలు ఆ విరుపుల దగ్గర ఆగిపోయి, మూడో ఆదివారం నుంచి తన విరుపునే గట్టిగా పాడడం మొదలుపెట్టారు. కంటోన్మెంటు ప్రాంతంలోని పాత చర్చిలలో ఇంగ్లీషు, తెలుగు, తమిళ ఆరాధనలు వేర్వేరు వేళల్లో జరుగుతాయి కనుక, ఇరవై అయిదో తేదీ తెలుగు ఆరాధన ఎన్ని గంటలకో ముందే కనుక్కోవాలి.

ఇల్లు మారి కొద్ది నెలలే అయితే గృహ ప్రతిష్ఠ ప్రార్థనను కూడా ఆగమన కాలంలోనే పెట్టుకోవడం మంచిది. పాస్టరు అయ్యగారికీ, వారి అమ్మగారికీ (పాస్టరు గారి భార్యకు) డిసెంబరులో ఒక్క సాయంత్రం కూడా ఖాళీ ఉండదు, కాబట్టి నవంబరులోనే తేదీ అడగాలి. ఆ ప్రార్థనకు సంఘస్థులతో పాటు పక్క ఫ్లాట్ల వారిని కూడా పిలిస్తే, పండుగ రోజుకు వారు మీకు కొత్తవారుగా ఉండరు.

ఊరి నుంచి తల్లిదండ్రులను రప్పించాలంటే పని ఇంకా ముందే మొదలవుతుంది. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కనుక, డిసెంబరు 22 ప్రయాణానికి అక్టోబరు 23 ఉదయం 8 గంటలకే కూర్చోవాలి. తిరుగు ప్రయాణం టికెట్టు కూడా వెంటనే తీసుకోవాలి. జనవరి మొదలయ్యాక సంక్రాంతి రద్దీలో కోస్తా వైపు బెర్తు దొరకడం కష్టం.

స్టారు, పాక, చెట్టు

స్టారు ఇంటికి అందం కోసమే అనుకుంటే ఎక్కడ కట్టినా ఫరవాలేదు. కానీ అర్ధరాత్రి పూట, వీధి దీపాలు సరిగా లేని కాలనీలో, బృందం మీ ఇంటిని గుర్తుపట్టేది దాన్ని బట్టే. తూర్పు దేశపు జ్ఞానులకు దారి చూపిన పని దానికి ఇంకా తప్పలేదన్నమాట. అందువల్ల బాల్కనీలో లోపలి వైపు కాకుండా, వీధి మలుపు నుంచి కనిపించే చోట కట్టాలి. అద్దె ఇల్లయితే గోడకు మేకు కొట్టే ముందు ఓనరును అడగాలి. బట్టలు ఆరేసే తీగ కొక్కేలు ఉంటే మేకు అవసరమే రాదు. కాగితపు స్టారులో పాత రకం 60 వాట్ల బల్బు పెడితే వేడికి కాగితం మాడుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. 5 నుంచి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు చాలు. హోల్డరు దగ్గర వైరు జాయింటుకు టేపు చుట్టి, మంచు పడినా నీరు చేరకుండా హోల్డరు మూతి కిందికి ఉండేలా వేలాడదీయాలి. స్టార్లు, మెరుపు దండలు ఒకటి రెండే కావాలంటే సికింద్రాబాద్ జనరల్ బజారు వైపు చూసుకోవచ్చు. అపార్ట్‌మెంటులో నాలుగైదు కుటుంబాలు కలిసి కొనేటట్లయితే బేగంబజారు టోకు దుకాణాల్లో ధర బాగా తగ్గుతుంది.

చెట్టు విషయంలో నాకొక పట్టుదల ఉంది. కోస్తాలో మేమంతా సరుగుడు కొమ్మను బక్కెట్లో ఇసుక పోసి నిలబెట్టి, దానికే దూది అంటించి పెరిగినవాళ్లం. హైదరాబాద్‌లో సరుగుడు కొమ్మ సులువుగా దొరకదు గనుక చాలామంది ప్లాస్టిక్ చెట్టు కొంటారు. ఊరి నుంచి వచ్చేవారు ఉంటే ఒక కొమ్మను తడి గోనెసంచిలో చుట్టి తెమ్మని చెప్పండి. వారం రోజులు నిలుస్తుంది, ఇల్లంతా ఆ వాసన వస్తుంది.

కతోలిక కుటుంబాలలో చెట్టు కంటే యేసు పుట్టిన పశువుల పాక నమూనాకే ప్రాధాన్యం. పాకలో పచ్చిక కావాలంటే పది రోజుల ముందు వెడల్పాటి పళ్లెంలో మట్టి పరిచి, రాత్రంతా నానిన రాగులు గానీ గోధుమలు గానీ చల్లి, రోజూ నీళ్లు చిలకరిస్తే ఇరవై నాలుగో తేదీకి సరిగ్గా వేలెడంత మొలుస్తాయి. పిల్లలకు అప్పగించదగిన పని ఇది. బాలయేసు ప్రతిమను మాత్రం అర్ధరాత్రి పూజ తర్వాతే పాకలో ఉంచాలి. జ్ఞానుల బొమ్మలను గదిలో దూరంగా ఒక మూల నుంచి రోజుకు కొంత జరుపుతూ జనవరి 6 నాటికి పాక దగ్గరికి చేర్చడం కొన్ని ఇళ్లలో సరదా, దానివల్ల పిల్లలకు పండుగ పన్నెండు రోజులు సాగుతుంది.

పిండివంటలు: అన్నీ చేయవద్దు

ఊళ్లో అరిసెలు, జంతికలు, కజ్జికాయలు, గవ్వలు, రవ్వలడ్లు అన్నీ అయ్యేవంటే నలుగురైదుగురు ఆడవాళ్లు ఒక పొయ్యి చుట్టూ కూర్చునేవారు గనుక. కొత్త ఇంట్లో ఇద్దరే ఉండి అంత జాబితా పెట్టుకుంటే ఇరవై నాలుగో తేదీ సాయంత్రానికి ఆరాధనకు వెళ్లే ఓపిక మిగలదు. నా సలహా: ఒకటి తీపి, ఒకటి కారం, ఒకటి పండుగకే ప్రత్యేకమైనది. మిగిలినవి కొనుక్కోవడంలో తప్పేమీ లేదు.

తీపికి అరిసెలు ఎంచుకుంటే బియ్యాన్ని పూర్తిగా ఒక రోజు, మధ్యలో నీరు మారుస్తూ నానబెట్టాలి. నీరు వడిచాక ఆరిపోకుండానే పిండి పట్టించాలి. ఇక్కడ పిండిమరను గిర్నీ అంటారు. కొన్ని గిర్నీలలో తడి బియ్యం ఆడరు, ముందే అడగాలి. ఆడనంటే మిక్సీలో కొద్దికొద్దిగా వేసి జల్లించుకోవచ్చు, కిలోకు మించితే చేతులు పడిపోతాయి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం లెక్క. పాకం చుక్కను నీళ్ల పళ్లెంలో వేస్తే కరగకుండా మెత్తని ఉండగా చేతికి రావాలి. ఆ క్షణంలోనే పొయ్యి మీద నుంచి దించి, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో కలపాలి. ఒంటరిగా చేయడానికి ప్రయత్నించవద్దు. పిండి వేసేలోపు పాకం ముదిరితే అరిసెలు రాళ్లవుతాయి.

పండుగకే ప్రత్యేకమైనదంటే మా ఇంట్లో గులాబీ పువ్వులు. రెండు కప్పుల పొడి బియ్యప్పిండి, ఒక కప్పు మైదా, ఒక కప్పు కంటే కొంచెం తక్కువ చక్కెర పొడి, రెండు గుడ్లు, చిటికెడు ఉప్పు, గుప్పెడు నువ్వులు తీసుకుని, చిక్కని కొబ్బరిపాలతో దోసెల పిండి కంటే కాస్త పలుచగా కలపాలి. చక్కెర ఎక్కువైతే పువ్వు అచ్చును వదలదు, త్వరగా నల్లబడుతుంది. కొత్త ఇనుప అచ్చు కొన్నవారు దాన్ని ముందు రోజు రాత్రి నూనె రాసి ఉంచి, మరునాడు కాగే నూనెలో పది నిమిషాలు ముంచి వేడెక్కనివ్వాలి. అసలు కిటుకు ఒక్కటే: వేడి అచ్చును పిండిలో ముప్పావు వంతు వరకే ముంచాలి. పై అంచు దాటి పిండి ఎక్కితే పువ్వు అచ్చును కప్పేసుకుని ఊడిరాదు. మొదటి రెండు మూడు పువ్వులు ఎవరికైనా చెడతాయి, అవి పిల్లల వాటా.

కేకు గురించి ఎక్కువ చెప్పను. ఎండు ద్రాక్ష, చెర్రీ, టూటీ ఫ్రూటీ ముక్కలను రమ్ములో నానబెట్టడం ఇష్టం లేనివారు నారింజ రసంలోనో ద్రాక్ష రసంలోనో రెండు రోజులు ఫ్రిజ్‌లో నానబెట్టుకుంటే సరిపోతుంది. నానిన ముక్కలను పిండిలో కలిపే ముందు కాస్త మైదా అద్దితే అడుగుకు దిగిపోవు. బేకరీ కేకు కొనేవారు ఇరవయ్యో తేదీలోపే చెప్పి ఉంచాలి. పండుగ మధ్యాహ్నపు పలావుకు మాంసం కూడా అంతే, ఇరవై మూడునే దుకాణంలో చెప్పకపోతే ఇరవై అయిదో తేదీ ఉదయం ఆరాధన వదిలి వరుసలో నిలబడవలసి వస్తుంది. కొత్త బట్టలు కుట్టించుకునేవారు డిసెంబరు మొదటి వారం దాటనివ్వకూడదు, ఆ తర్వాత దర్జీ ఇచ్చే మాటకు విలువ లేదు.

ఆ రాత్రి

క్యారల్స్ బృందం రాత్రి తొమ్మిదికి వస్తామని చెప్పి ఒంటి గంటకు రావచ్చు. అందుకని బృందం నాయకుడి ఫోను నంబరు తీసుకుని, మీకంటే రెండిళ్ల ముందు ఉన్న కుటుంబాన్ని మీకు కబురు చేయమని అడగడం తెలివైన పని. అపార్ట్‌మెంటు అయితే వాచ్‌మన్‌కూ, సంక్షేమ సంఘం కార్యదర్శికీ ముందుగా చెప్పి, బృందంలో ఎంతమంది వస్తారో, ఏ అంతస్తుకు వెళతారో తెలియజేయాలి. శబ్ద కాలుష్యంపై 2000 సంవత్సరపు నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. పండుగల కోసం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నప్పటికీ, ఇంటి ముందు పాటకు మైకు ఎందుకు? డోలక్, కంజీర, తాళాలు చాలు. అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర పాడితే గొంతులు తమంతట తామే మారుమోగుతాయి.

బృందానికి ఏం పెట్టాలన్నది ఇంకొక సందేహం. అప్పటికే పది ఇళ్లలో కేకు తిని ఉంటారు కాబట్టి మీరు కారం పెట్టండి. జంతికలూ వేడి టీ చూసి వాళ్లు ఎంత సంతోషిస్తారో మీకే తెలుస్తుంది. కానుక కవరును ముందే సిద్ధం చేసి బైబిలు పక్కన ఉంచాలి. పిల్లలు నిద్రపోతే లేపాలా వద్దా అని తర్జనభర్జన పడవద్దు, లేపండి.

ముప్పై ఒకటో తేదీ రాత్రి వాచ్ నైట్ ఆరాధనలో వాగ్దాన వచనపు కార్డులు ఇచ్చే సంఘాలు చాలా ఉన్నాయి. కొత్త ఇంట్లో తొలి కార్డును పటం కట్టించి హాలులో పెట్టుకోవచ్చు. ఏ మేకు ఎక్కడ కొట్టాలన్న సంగతి అప్పటికి ఓనరుతో తేలిపోయి ఉంటుంది.

ఊరు చూడడం

ఇరవై నాలుగున చర్చిలు చూడడానికి బయలుదేరకండి. ఆ రోజు అందరూ బయలుదేరతారు, బండి నిలిపే చోటు దొరకదు. ఇరవై ఒకటి, ఇరవై రెండు తేదీల సాయంత్రాలు అనువైనవి, అప్పటికే దీపాల అలంకరణ పూర్తయి ఉంటుంది. సికింద్రాబాద్‌లో 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి, సరోజినీదేవి రోడ్డులో 2008లో బసిలికా హోదా పొందిన సెయింట్ మేరీస్, అక్కడి నుంచి అల్వాల్ మీదుగా బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి ఒక్క సాయంత్రంలో చూడవచ్చు. బొల్లారం చర్చి 1847లో విక్టోరియా రాణి ఇచ్చిన సొమ్ముతో కట్టినది. 1983లో ఎలిజబెత్ రాణి హైదరాబాద్ వచ్చినప్పుడు తన పెళ్లి రోజున అక్కడ ఆరాధనలో పాల్గొన్నారు. చీకటి పడకముందే అక్కడికి చేరితే పిల్లలు ఆవరణలో ఆడుకోవచ్చు.

పెద్ద ప్రయాణం మాత్రం మెదక్‌లోని పెద్ద చర్చికే, అంటే కెథడ్రల్‌కే పెట్టుకోవాలి. హైదరాబాద్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. సొంత బండి ఉంటే నర్సాపూర్ అడవి మీదుగా వెళ్లే దారి బాగుంటుంది. మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో 1914లో ఈ కెథడ్రల్ పని మొదలైంది. కరవు కాలంలో జనానికి పని కల్పించి అన్నం పెట్టడం దీని వెనక ఉన్న ఆలోచనల్లో ఒకటి. సరిగ్గా క్రిస్మస్ రోజునే, 1924 డిసెంబరు 25న, దీన్ని ప్రతిష్ఠించారు. 175 అడుగుల గోపురం ఊరి బయట నుంచే కనిపిస్తుంది. లోపల చూడవలసినవి మూడు రంగుటద్దాల కిటికీలు: యేసు జననం, సిలువ, ఆరోహణం. ఇవి బయటి సూర్యకాంతితోనే వెలుగుతాయి, పొద్దు వాలాక వెళ్లినవారికి నల్లటి గాజు తప్ప ఏమీ కనిపించదు. సాయంత్రం చేరుకుని నిరాశతో తిరిగి వచ్చే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, కాబట్టి ఉదయమే బయలుదేరి పదకొండు లోపు లోపల ఉండాలి. ఇరవై అయిదున తెల్లవారుజామున జరిగే ఆరాధనకు వెళ్లాలని మనసుంటే ముందు రాత్రే మెదక్ చేరడం మేలు. చంటిపిల్లలు, వృద్ధులు ఉన్నవారికి ఆ రోజు జనసమ్మర్దం తట్టుకోలేనిది. తెలంగాణలో ఇరవై ఆరు కూడా సెలవు అయినా ఆ రోజూ రద్దీ తగ్గదు, డిసెంబరు నెలలో ఏదైనా మామూలు రోజు ఎంచుకోండి. తిరుగు ప్రయాణంలో పులిహోర, పెరుగన్నం పొట్లాలు విప్పడానికి మెదక్ కోట గానీ, దగ్గరలోని పోచారం జలాశయం గానీ చక్కని చోటు.

విజయవాడకు మారినవారికి మరియమాత పుణ్యక్షేత్రమైన గుణదల కొండ ఉంది. ఫిబ్రవరి ఉత్సవాల రద్దీ డిసెంబరులో ఉండదు కనుక మెట్లు నింపాదిగా ఎక్కవచ్చు. విశాఖవారు రాస్ హిల్ మీది మరియమాత చర్చికి సాయంత్రం వెళితే ఓడరేవు దీపాలు కూడా చూడవచ్చు.

పళ్లేలు పంచడం

ఇరవై అయిదున ఆరాధన నుంచి వచ్చాక, భోజనానికి కూర్చునే ముందు, ఇరుగుపొరుగుకు పళ్లేలు పంపాలి. శాకాహారుల ఇంటికి కేకు, గులాబీ పువ్వులు పంపితే రెండింటిలోనూ గుడ్డు ఉంటుంది, అడక్కుండా పంపి వారిని ఇబ్బంది పెట్టకూడదు. వారికి అరిసెలు, జంతికలు, అరటిపళ్లు పెట్టాలి. పిల్లల చేత పంపితే పరిచయం త్వరగా పెరుగుతుంది. కాగితపు ప్లేట్లలో కాకుండా స్టీలు పళ్లేలలో పంపండి, అడుగున పేరు కొట్టించినవైతే ఇంకా మంచిది. తెలుగునాట ఇచ్చిన పళ్లెం ఖాళీగా తిరిగి రాదు. మేము ఇరవై అయిదున ఎదురింటి వదినగారికి పంపిన పళ్లెం సంక్రాంతి దాకా రాలేదు. పోయిందేమోనని అనుకుంటుండగా భోగి నాటి ఉదయం దాని నిండా సకినాలతో ఆమే స్వయంగా వచ్చారు.